శనివారం మూడు గంటల కాపీ

నేను దొంగ సంతకాలు పెట్టాను. దొంగ సంతకమంటే ఇంకొకరి పేరు కాదు, నా పేరే. జరగని పని కింద జరిగినట్టు పెట్టాను. అలాంటివి వరసగా తొమ్మిది శనివారాలు. ఇన్నేళ్ళ తర్వాత అదంతా ఎందుకు తవ్వుకుంటావని మా ఇంట్లోవాళ్ళే విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. ఆ ఉద్యోగం గురించి నేను ఇప్పటిదాకా అందరికీ చెప్పుకున్నది సగమే.

ఎనభైల చివర్లో మాట ఇది. అమలాపురంలో ఒక విద్యాసంస్థ ఉండేది. కొత్తపేట నుంచి రాజోలు దాకా, ఇటు అల్లవరం వైపు పల్లెల్లోనూ దానికి బళ్ళుండేవి. ఆ సంస్థ ఆఫీసులోకి కంప్యూటరు తెప్పించారు. నేను కాకినాడలో ఆరు నెలల కోర్సు పూర్తి చేసి అప్పుడే ఇంటికొచ్చాను. మా పాస్టరుగారు సంస్థ సెక్రటరీగారితో ఒక మాట అన్నారు, నాకు ఉద్యోగం వచ్చింది. మా అమ్మ కోతలకీ ఊడ్పులకీ వెళ్ళే మనిషి. కూతురు ఏసీ గదిలో కూర్చుని పనిచేస్తుందంటే చూడాలని ఒకరోజు బస్సెక్కి వచ్చి, అద్దంలోంచి చూసి, లోపలికి రమ్మంటే కాళ్ళకి మట్టుందని రానంది. ఆ పూట నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ ఏసీ గది అంతకుముందు రికార్డు రూము. కంప్యూటరు పెట్టడానికి వేరే చోటు లేదని సెక్రటరీగారు దాన్ని ఖాళీ చేయించారు. అందులో అన్ని బళ్ళ టీచర్ల హాజరుపట్టీలు, చేరిన తేదీల పుస్తకాలు, పదిహేనూ ఇరవయ్యేళ్ళవి ఉండేవి. నా పని వాటన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించడం. ఒక బడి పుస్తకాలు ఎక్కించడం అయిపోగానే వాటిని మూటకట్టి చిత్తుకాగితాలవాడికి వేసేసేవారు.

"ఒకసారి మిషన్లోకి ఎక్కేక ఇంక ఈ చెదపుట్టలెందుకండీ మనకి?" అనేవారు సెక్రటరీగారు.

ఆ మాటకి బాధపడినవాడు ఆఫీసులో ఒక్కడే, మా సూపరింటెండెంటుగారు. ఆయన ముప్పై ఏళ్ళుగా ఆ రికార్డు రూముని కన్నబిడ్డలా చూసుకున్న మనిషి. ప్రతి కట్టా ఎర్రగుడ్డలో చుట్టి, బిగించి ముడివేసి, మధ్యమధ్యలో కలరా ఉండలు వేసి, ఏ కట్ట ఏ అరలో ఉందో కళ్ళుమూసుకుని చెప్పేవారు. ఆయన కట్టలు ఆయన కళ్ళముందే రిక్షా ఎక్కి వెళ్ళిపోయాయి. నెల తిరక్కుండా ఆయన గడియారస్తంభం దగ్గర వేరుశెనగ పొట్లం కొంటే అందులో మా రాజోలు బడి టీచర్ల సంతకాలు కనబడ్డాయి. ఆ పొట్లం కాగితం ఆయన మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆయన మీద నాకు ఎంత కోపమున్నా ఆ జేబు గుర్తొస్తే మాత్రం కాస్త తగ్గుతుంది.

యంత్రం అమర్చడానికి హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు వెళ్తూ వెళ్తూ ఒక ఏర్పాటు చేసి వెళ్ళాడు. ప్రతి శనివారం మూడు గంటలకి యంత్రం తనంతట తానే కూతపెట్టి ఫ్లాపీ అడుగుతుంది. ఫ్లాపీ అంటే చదరపు అట్ట తొడుగులో ఉండే పలచని నల్లబిళ్ళ. అది పెడితే లోపలున్నదంతా దానిమీదకి మరో ప్రతి దిగుతుంది. "యంత్రం ఎప్పుడో ఒకప్పుడు చెడిపోతుందమ్మా, చెడిపోనిది లేదు. అప్పుడు ఈ ప్రతే మీకు దిక్కు" అని అతను నాకు రెండుసార్లు చెప్పాడు. దానికోసం సూపరింటెండెంటుగారు గీతలు కొట్టి ఒక రిజిస్టరు తయారుచేశారు. తేదీ, సమయం, ప్రతి తీసిన వివరం, రిమార్కులు, సంతకం. శనివారం మూడు గంటలకే తీయాలని సెక్రటరీగారి సంతకంతో సర్క్యులరు కూడా పుట్టింది.

మొదటి రెండు నెలలు ఏ గొడవా లేదు. తర్వాత శనివారం మధ్యాహ్నాలు మా వైపు కరెంటు కోత మొదలైంది. మూడింటికి యంత్రం చచ్చి పడుండేది. నాలుగున్నరకి కరెంటొస్తే మూడు గంటలు దాటిపోయాయి కాబట్టి కూతా లేదు, ప్రతీ లేదు. రెండు శనివారాలు అలా పోయాక నాకు సంగతి అర్థమైంది. శుక్రవారం పొద్దుటికి మార్చుకుందామండీ అని అడిగాను.

"సర్క్యులర్లో శనివారం మూడు గంటలని ఉందమ్మా. మనిష్టవొచ్చినట్టు మార్చేస్తే ఎలాగ?" అన్నారు సూపరింటెండెంటుగారు.

సరే, కరెంటొచ్చాక నేనే కూర్చుని చేత్తో తీయడం మొదలుపెట్టాను. అక్కడ రెండో తంటా వచ్చింది. ఫ్లాపీ పెడితే చదవలేకపోతున్నానని తెర మీద చూపించి యంత్రం ఊరుకునేది. ఒకటి మార్చి ఇంకొకటి పెట్టాను. అదీ అంతే. సంస్థ కొన్నది పది ఫ్లాపీలున్న ఒక్క పెట్టె. అందులో ఏడు అప్పటికే పనికిరాకుండా పోయాయి. ముందు యంత్రాన్నే అనుమానించాను. నోరు పెట్టి ఊది, తుడిచి, ఆపి మళ్ళీ వేసి చూశాను. యంత్రంతోపాటు వచ్చిన ఫ్లాపీ ఒకటుంటే పెట్టి చూశాను. అది చక్కగా నడిచింది. అంటే జబ్బు యంత్రానికి కాదు, మా ఫ్లాపీలకే.

మా ఫ్లాపీలు ఎక్కడుండేవో చెప్పలేదు కదూ. సూపరింటెండెంటుగారి బీరువాలో. ఆయనకి మిగిలిన రికార్డు రూమల్లా ఆ పది నల్లబిళ్ళలే. వాటికీ ఆయన అదే మర్యాద చేశారు. ఎర్రగుడ్డలో చుట్టి, పురికొసతో బిగించి కట్టి, మధ్యలో కలరా ఉండలు వేశారు. ఒక శనివారం మూట విప్పుతుంటే గుప్పున వాసనొచ్చింది. ఒక ఫ్లాపీని వెలుతురులో పెట్టి చూశాను. తొడుగు సందులోంచి కనబడే నల్లబిళ్ళ మీద తెల్లగా పొడిమంచు పట్టినట్టుంది. తొడుగులు వంకర తిరిగి ఉన్నాయి.

ఖాయం చేసుకోవడానికి మిగిలిన మంచి ఫ్లాపీల్లో రెండిటి మీద ప్రతి తీసి, ఒకటి మూటలో పెట్టి, రెండోదాన్ని నా హ్యాండ్‌బ్యాగులో ఒక పుస్తకం మధ్య పెట్టుకున్నాను. మూడు వారాల తర్వాత కూడా అది ఇట్టే చదివింది. మూటలో పెట్టిన దాని జోడు పదిరోజులకే పోయింది. నాకు అంతులేని సంతోషమేసింది. పరుగెత్తుకెళ్ళి సూపరింటెండెంటుగారికి చెప్పాను. ఆయన మొత్తం విని, నా చేతిలో ఫ్లాపీ వైపు చూశారు.

"ఆఫీసు రికార్డు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నావా?"

"అందుకేనండి అది బాగుంది. కలరా ఉండలే వీటిని పాడుచేస్తున్నాయండి."

"ముప్పై ఏళ్ళు చూసేనమ్మా నేను రికార్డు. కలరా ఉండలేసిన కట్టకి చెద పట్టడం చూళ్ళేదు. నిన్నగాక మొన్నొచ్చి నాకు చెబుతున్నావు" అని ఆ ఫ్లాపీ తీసుకుని, మూట విప్పి, మిగతావాటి మధ్యలో పెట్టి మళ్ళీ బిగించి కట్టేశారు. నేను నిలబడి చూశాను. చూడ్డం తప్ప ఇంకేం చెయ్యలేదు.

కొత్త ఫ్లాపీల కోసం ఇండెంటు పెట్టాను. అది సెక్రటరీగారి బల్ల మీద పడుకుంది. ఆ శనివారం రిజిస్టరులో రిమార్కుల గడిలో 'ప్రతి తీయుట కుదరలేదు' అని రాశాను. సోమవారం సూపరింటెండెంటుగారు నన్ను పిలిచి ఆ పేజీ చూపించారు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది.

"ఇలా రాస్తే సెక్రటరీగారు ఏవంటారో తెలుసా? మిషన్ కొనడం తప్పనరు. ఈ ఇద్దరికీ చేతకాదంటారు. నాకింకా రెండేళ్ళ సర్వీసుంది. నీకు ఇంకా ఉద్యోగం పర్మనెంటు అవ్వలేదు. ఫ్లాపీలొచ్చేదాకా తీసినట్టు రాసెయ్యమ్మా. మిషన్ బానే ఉంది కదా?"

మిషన్ బాగానే ఉంది. రాసేశాను. 'ప్రతి తీయడమైనది.' కింద సంతకం. తర్వాతి శనివారం ఎవరూ చెప్పకుండానే రాసేశాను. నాలుగోవారానికి పొద్దున్నే రాసిపెట్టేసుకునేదాన్ని, మధ్యాహ్నం మర్చిపోతానేమోనని! రిజిస్టరు ఎంత అందంగా ఉండేదంటే, సెక్రటరీగారు ఒకసారి తిరగేసి చూసి మెచ్చుకున్నారు కూడా.

తొమ్మిదో సంతకం పెట్టాక వచ్చిన బుధవారం, వానలో వోల్టేజీ ఎక్కుతూ దిగుతూ ఉండగా, స్టెబిలైజరు టకటకా కొట్టుకుని, యంత్రం లోపల గరగరమని ఒక చప్పుడొచ్చింది. అంతే. హైదరాబాదు నుంచి ఇంజనీరు దిగడానికి వారం పట్టింది. లోపలి డిస్కు పోయిందని తేల్చి, "ప్రతులివ్వండి" అన్నాడు. సూపరింటెండెంటుగారు బీరువా తాళం తీసి ఎర్రమూట తెచ్చారు. అతను మూట చూశాడు, వాసన చూశాడు, నా వైపు చూశాడు. ఒక్కొక్కటే పెట్టి చూశాడు. పదింటిలో ఒక్కటి చదివింది. అది మొదటి నెలది. అందులో కొత్తపేట వైపు రెండు బళ్ళ టీచర్లున్నారంతే. మిగిలిన బళ్ళ టీచర్ల సర్వీసు యంత్రంలోనూ లేదు, మూటలోనూ లేదు. కాగితాలు అప్పటికే పొట్లాలైపోయాయి.

అతను రిజిస్టరు అడిగి చూసి, "ఈ తొమ్మిది వారాలూ తీశారుగా?" అన్నాడు. సూపరింటెండెంటుగారు మూట మళ్ళీ కట్టడం మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడే విద్యాశాఖ నుంచి ఉత్తరం వచ్చింది. సంస్థలో కొన్ని టీచరు పోస్టులకి ఎయిడ్ ఇస్తామని, ఎక్కువ కాలం ఎడతెగకుండా పనిచేసినవాళ్ళ జాబితా పంపమని, ఆ తర్వాత ఒక అధికారి వచ్చి తనిఖీ చేస్తారని. ఎయిడ్ వస్తే ఆ టీచరు జీతం ప్రభుత్వం ఇస్తుంది. అది రానివాళ్ళది ప్రతి జూన్లో మళ్ళీ బడిలోకి రానిస్తారో లేదో తెలియని ఉద్యోగం.

అలా పద్నాలుగు జూన్లు చూసిన ఒకావిడ ఉంది. అల్లవరం దగ్గర మా ఊరి బడిలో నాకు మూడో తరగతి చెప్పిన టీచరుగారు. మా పేటలోనే ఉండేవారు, మా చర్చిలో మాతోపాటే చాప మీద కూర్చునేవారు. డెబ్భైల్లో ఆ బడి తాటాకుల షెడ్డు. వానొస్తే మా అందర్నీ ఒక మూలకి జరిపి, తను తడుస్తూ ఎక్కాలు చెప్పించిన మనిషి. మాకు చదువనేది ఒకటుందని మా అమ్మ దగ్గరికొచ్చి దెబ్బలాడి నన్ను పొలం నుంచి బడికి లాక్కెళ్ళింది ఆవిడే. ఆవిడ చేరిన తేదీ నేనే నా చేత్తో యంత్రంలోకి ఎక్కించాను. పోయినవాటిలో అదీ ఉంది.

సెక్రటరీగారు ఏమీ కంగారుపడలేదు. కొత్త డిస్కు వేయించి, సూపరింటెండెంటుగారిని ఒక పక్కన కూర్చోబెట్టుకుని, నాకు చెబుతూ పోయారు. ఫలానావారు ఫలానా ఏడు చేరేరు, కొట్టమ్మా. కాగితం లేదు, పుస్తకం లేదు, ఆయన నోరే ఆధారం. సెక్రటరీగారి వియ్యంకుడి కొడుకు టీచరుగా చేరింది ముందటి సంవత్సరం. అతనికి పన్నెండేళ్ళ సర్వీసు వచ్చింది. నేను కొట్టాను. పక్కల చిల్లులున్న కాగితం మీద అది ప్రింటై వస్తుంటే ఎంత నిజంలా ఉందో! చేత్తో రాస్తే నాలుగు ప్రశ్నలు వేసేవాళ్ళు కూడా, కంప్యూటరు నుంచి వచ్చిందంటే కళ్ళకద్దుకునే రోజులవి.

"షెడ్డు బడివాళ్ళవి?" అని అడిగారు సూపరింటెండెంటుగారు. ఆ మాత్రం అడిగినందుకు ఆయనకి దణ్ణం పెట్టాలి.

"వాళ్ళవి రికార్డు లేదు కదండీ" అన్నారు సెక్రటరీగారు.

తనిఖీ రోజు అధికారి సెక్రటరీగారి గదిలో కూర్చున్నారు. అడిగింది అడిగినట్టు ప్రింటు తీసివ్వడానికి నన్నూ అక్కడే, తలుపు పక్కన ఉండమన్నారు. టీచర్లని ఒక్కొక్కర్నీ పిలిచారు. వియ్యంకుడి కొడుకు పని అరనిమిషంలో అయింది. తర్వాత జాబితాలో లేనివాళ్ళు ఎవరైనా చెప్పుకునేదుంటే రమ్మన్నారు. ఎవరూ కదల్లేదు. టీచరుగారొక్కరే లోపలికొచ్చారు. చేతిసంచీలోంచి అంచులు నలిగిన పొడవాటి నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. నన్ను చూశారు, చూడనట్టే ఉన్నారు.

"ఏంటమ్మా ఇది?"

"నేను పాఠం చెప్పిన పిల్లల పేర్లండి. ఏడాదికేడాది రాసుకున్నానండి. ఏ రోజు ఎవరొచ్చేరో, ఎవరు రాలేదో అన్నీ ఉన్నాయండి. డెబ్భై నాలుగు జూన్ నుంచి ఒక్క నెల కూడా తప్పలేదండి."

అధికారి చెడ్డవాడేం కాదు. పుస్తకం తిరగేశాడు. చుక్కలు, గీతలు, నీలం ఇంకు, వానకి అలికిన పేజీలు. "ఇది మీరు సొంతంగా రాసుకున్నదమ్మా. దీని మీద ఆఫీసు ముద్రేమీ లేదు" అన్నాడు.

"ఆఫీసువారి దగ్గరున్నది పోయిందన్నారండి. నా దగ్గరున్నది ఇదేనండి."

ఆయన సెక్రటరీగారి వైపు చూశాడు. సెక్రటరీగారు, "మంచావిడేనండి. కానీ కంప్యూటర్లో లేదండి" అన్నారు. అధికారి మొదటి పేజీకి వెళ్ళాడు. మూడో తరగతి, డెబ్భై నాలుగు.

"వీళ్ళలో ఎవరైనా వచ్చి చెప్పగలరా, మీరు ఆ సంవత్సరం పాఠం చెప్పేరని? ఇవాళ సాయంత్రంలోగా?" అని వేలు పెట్టి పేర్లు పైకి చదివాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగోది నా పేరు, చిన్నప్పుడు పేటలో పిలిచేది. అతను అక్కడ ఆగి తలెత్తాడు.

ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే. టీచరుగారు బల్ల అంచు వైపు చూస్తూ నిలబడ్డారు. నేను నోరు తెరిస్తే ఆ జాబితా ఎలా పుట్టిందన్న మాట కూడా వస్తుంది, జాబితా కొట్టింది నేను, తొమ్మిది సంతకాలు నావి. ఆ నిమిషంలో నేను ఆలోచించింది టీచరుగారి గురించి కాదు, నా గురించే. దీనికి ఏ సాకూ చెప్పను.

"దూరాభారం వెళ్ళిపోయేరండి అందరూ. పొలం పనుల్లో ఉన్నారండి" అన్నారు టీచరుగారు. ఆవిడ అబద్ధమాడగా నేను విన్నది అదొక్కసారే.

అధికారి పుస్తకం మూసి, రెండు చేతులతో మర్యాదగా ఆవిడకి తిరిగిచ్చాడు. "ఆయ్, సరేనండి" అని ఆవిడ సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఎయిడ్ జాబితా చివరి ప్రతి నేనే తీశాను. మూడు కాపీలు.

తర్వాత ఆదివారాలు చర్చిలో ఆవిడ ఎప్పటిలాగే చాప మీద నాకు చోటు జరిపేవారు. మా అమ్మ ఆరోగ్యం అడిగేవారు. నాకు ఆ చాప ముళ్ళకంపలా ఉండేది. రెండు నెలలు ఓర్చుకుని, ఒకరోజు ప్రార్థనయ్యాక కాలవగట్టు దాకా వెంట నడిచి అడిగేశాను.

"టీచరుగారూ, ఆ రోజు నేనున్నానుగా అక్కడ. నా పేరు ఎందుకు చెప్పలేదండీ?"

ఆవిడ నడుస్తూనే అన్నారు: "నీ పేరు చెబితే నీ ఉద్యోగం పోయేదమ్మా. పేటలో ఏసీ గదిలో కూర్చున్న మొదటి పిల్లవి. నిన్ను అక్కడిదాకా తీసుకొచ్చింది మళ్ళీ పొలంలోకి దింపడానికా?"

నేను చెయ్యెత్తుతానేమోనని ఆ రోజు ఒక్క క్షణం ఎదురుచూశారా అని అడగాలనుకున్నాను. అడగలేదు. ఏం చెబుతారో నాకు తెలుసు.

ఆ తర్వాత రెండో జూన్లో ఆవిడని బడిలోకి రానివ్వలేదు. ఆ పోస్టులో ఎయిడ్ మీద ఇంకొకరు వచ్చారు. అప్పటికి నేను అక్కడ లేను. ఆవిడ తన పద్నాలుగేళ్ళూ ధారపోసి నాకు నిలబెట్టిన ఉద్యోగాన్ని ఆ తనిఖీ అయిన పదకొండు నెలలకే వదిలేసి, కాకినాడలో అంతకంటే మంచి జీతమిస్తామంటే వెళ్ళిపోయాను.